వాటా వేరు, లెక్క వేరు

(మండల సంఘం శిక్షణ తరగతుల్లో పల్నాడు ప్రాంతానికి చెందిన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. కుటుంబం కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.)



పొద్దుటి నుంచి గిట్టుబాటు ధర గురించి, పంటల బీమా గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. అవన్నీ మనం బయటివాళ్లతో చేసే కొట్లాటలు. నాకు ఇచ్చిన అంశం ఇంట్లో కొట్లాట. తండ్రి పోయాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు భూమి పంచుకునే సంగతి.

దీని గురించి చెప్పడానికి వకీలుగారిని పిలుద్దామని కార్యవర్గంలో అనుకున్నారు. "చట్టం ఆయన చెబుతాడు గానీ, చెడిపోయిన సంగతి చెప్పడానికి చెడిపోయినవాడే రావాలి" అని అధ్యక్షుడు నా పేరు రాశాడు. కాబట్టి నా కథ చెబుతాను. ఇందులో మా అన్న మొండివాడిగా కనిపిస్తాడు. కాసేపు ఆగితే నేనూ కనిపిస్తాను.

మేం ముగ్గురం. అన్న, అక్క, నేను. మా నాన్నకు 6 ఎకరాలు. పెద్దల నుంచి వచ్చింది కాదు, అంతా ఆయన కొన్నదే. కొంత మిరపలో మిగిలిన డబ్బుతో, కొంత మా అమ్మ గొలుసు అమ్మి కొన్నాడు. 4 ఎకరాలు సాగర్ కుడి కాలువ కింద ఉంది, కానీ చివరి భూమి. పైవాళ్లు వదిలితేనే మాకు నీళ్లు. 2 ఎకరాలు మెట్ట. 2014లో మా అన్న తన డబ్బుతో అందులో బోరు వేశాడు. నీళ్లు పడ్డాయి. అప్పటి నుంచి ఇంటికి అసలైన ఆదాయం ఆ 2 ఎకరాలదే.

అక్కకు 1999లో పెళ్లయింది. బావకు సొంత భూమి లేదు, కౌలు చేస్తాడు. నేను డిప్లొమా చదివి గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాను. పండక్కి వచ్చేవాణ్ని, మిరపకాయలు, బియ్యం మూట కట్టుకుని పోయేవాణ్ని. 2016లో నాన్నకు పక్షవాతం వచ్చింది. మూడేళ్లు మంచంలోనే ఉన్నాడు. చూసింది అన్న, వదిన. 2019 ఆషాఢంలో పోయాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

పెద్దకర్మ నాడు బంధువులంతా ఉండగానే అక్కకు చీర పెట్టి, ఒక తెల్లకాగితం ముందుంచాం. "నా పుట్టింటి ఆస్తిలో నాకేమీ అక్కర్లేదు" అని అందులో ఉంది. ఆ కాగితం గుంటూరులో రాయించి తెచ్చింది అన్న కాదు, నేను. అన్నకు 3, నాకు 3 అని అప్పుడు మా ఇద్దరికీ ఒకే మాట. అక్క చదివి, మడిచి, చీర మీదే పెట్టి లేచిపోయింది. సంతకం పెట్టలేదు, గొడవా పడలేదు. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

మీలో చాలామందికి తెలియాల్సిన సంగతి ఇక్కడే ఒకటుంది. ఆడపిల్లకు వాటా 2005లో వచ్చిందని మనవాళ్లు అంటుంటారు. అది సగం మాట. తండ్రి స్వార్జితం విషయంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకు, కూతురు, భార్య, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటా అని హిందూ వారసత్వ చట్టం 1956లోనే చెప్పింది. 2005లో మారింది పిత్రార్జితం సంగతి. అంతకుముందే 1986లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న తగవు చాలా ఏళ్లు నడిచింది. ఉండక్కర్లేదని, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించరు. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే సరిపోదు, గట్టి ఆధారం చూపాలి.

నేను చెబుతున్నది హిందూ కుటుంబాల లెక్క. ముస్లిం కుటుంబాలకు వాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం, క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఉంటుంది. అది వేరుగా అడిగి తెలుసుకోవాలి.

అంటే మా 6 ఎకరాలకు వారసులు నలుగురు. అమ్మ, అన్న, అక్క, నేను. తలా ఎకరంన్నర. ఇది చేతివేళ్ల మీద లెక్క. దీనికి మాకు మూడేళ్లు పట్టింది.

2020లో కరోనా వచ్చి నా పని పోయింది. పెళ్లాం పిల్లలతో ఊరికి వచ్చాను. వచ్చిన వారానికే "నా 3 ఎకరాలు నాకు చూపించు" అన్నాను. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏ 3 ఎకరాలు? నాన్న నాకు రాసిచ్చాడు" అన్నాడు. లోపల నుంచి కాగితం తెచ్చాడు. నాన్న వేలిముద్ర ఉంది. సాక్షి సంతకం ఒక్కటే ఉంది, అది వదిన తమ్ముడిది. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ కాగితం నిలవదని నాకు తెలుసు, అన్నకూ తెలుసు. అయినా దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

మీ సేవకు పోయి వన్ బి తీయిస్తే 4 ఎకరాలు అప్పటికే అన్న పేరు మీదికి ఎక్కి ఉన్నాయి. మాకెవరికీ నోటీసు రాలేదు. ఇలాంటిది జరిగితే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. తహసీల్దారు ఇచ్చిన మ్యుటేషన్ ఉత్తర్వు మీద ఆర్డీవో దగ్గర అప్పీలు వేసుకోవచ్చు. ఉత్తర్వు అందిన నాటి నుంచి 60 రోజుల గడువు. ఇంకో ముఖ్యమైన మాట. వన్ బిలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. అది రెవెన్యూ రికార్డు. వాటా తేల్చేది సివిల్ కోర్టు. నేను అప్పీలు వేశాను, అక్కడ అదే చెప్పారు. సివిల్ కోర్టులో భాగపరిష్కారం దావా వేశాను.

దావా వేసే ముందు అక్క ఇంటికి పోయాను. "అక్కా, నీకూ వాటా ఉంది, ఇద్దరం కలిసి వేద్దాం" అన్నాను. అక్క నవ్వలేదు, తిట్టలేదు. "నిరుడు లేని వాటా ఈ ఏడు ఎట్లా వచ్చిందిరా?" అంది. ఆ రోజు నేను బస్సులో ఊరికి తిరిగి వస్తూ, మా అన్నంత దుర్మార్గుడు లేడని అనుకుంటూ కూర్చున్నాను. అక్క మాట నాకు తగలడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇంతలో ఒక నష్టం జరిగింది. ఆ నష్టం మా ముగ్గురిలో ఎవరికీ కాదు.

బోరు కింద 2 ఎకరాలు ఆ ఏడు అన్న కౌలుకిచ్చాడు. తీసుకున్నది మన సంఘం సభ్యుడే. 30,000 ముందుగా కట్టాడు. మిరప వేశాడు. కౌలు కార్డుకు పోతే పట్టాదారు సంతకం కావాలన్నారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డుకు భూయజమాని ఒప్పుకోవాలి. యజమాని చనిపోయాడు, వారసులు కోర్టులో ఉన్నారు. ఎవరు పెడతారు సంతకం? కార్డు రాలేదు, పంట రుణం రాలేదు. బయట వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టాడు. నవంబరులో నేను పోయి "ఈ బోరు మీద నాకూ హక్కుంది, కనెక్షన్ నాన్న పేరు మీద ఉంది" అని గట్టు మీద గొడవ చేశాను. అన్న మాట్లాడకుండా మనుషుల్ని పిలిచి మోటారు పైకి లాగించాడు. "మోటారు నా డబ్బు. బోరు మీ నాన్నది. గొయ్యిలోంచి తోడుకో" అన్నాడు.

పూత మీద ఉన్న తోట. పదిహేను రోజుల్లో ఎండిపోయింది. ఆ రైతు అన్న దగ్గరికి పోతే "మా తమ్ముణ్ని అడుగు" అన్నాడు. నా దగ్గరికి వస్తే "మా అన్నను అడుగు" అన్నాను. మేం అన్నదమ్ములం ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

ఆయన సంఘంలో ఫిర్యాదు చేశాడు. సంఘం నన్ను పిలిచి నిలబెట్టి అడిగింది. "గుంటూరు యార్డులో తేమ పేరుతో, తాలు పేరుతో కోత పెడితే అడ్డం పడుకున్నావే, ఇక్కడ రైతు తోట ఎండిపోతుంటే నీ వాటా సంగతి చూసుకున్నావా?" అన్నారు. జవాబు లేదు నా దగ్గర.

అప్పటిదాకా మా పంచాయితీ మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ పెద్దమనుషులను పిలిచింది నేనే. వాళ్లు నా తరఫు మాట్లాడారు. అన్న లేచిపోయాడు. మొండివాడితో మాట్లాడించాలంటే మనకు నచ్చిన పెద్దమనిషి పనికిరాడు, ఆ మొండివాడు నమ్మే మనిషి కావాలి. మా ఊరి సొసైటీలో గుమస్తాగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. నాన్న స్నేహితుడు, మాకు బాబాయ్ వరస. అన్న అప్పులు, కట్టుబడులు అన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. సంఘం ఆయన్ను అడిగింది. ఆయన ఒక్క షరతు పెట్టాడు. "ఆడవాళ్లు లేకుండా నేను కూర్చోను. అమ్మ రావాలి, అక్క రావాలి, కోడళ్లు ఇద్దరూ రావాలి."

అందరం కూర్చున్నాం. నేను కాగితాలు తీసుకుని చట్టం మొదలుపెట్టబోతే బాబాయ్ చేయెత్తి ఆపాడు. అన్న వైపు తిరిగి, "అబ్బాయ్, నాన్న వైద్యానికి ఎంతైందిరా నీకు?" అన్నాడు.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి ఒక డైరీ తెచ్చాడు. ఎరువుల షాపువాళ్లు ఇచ్చే డైరీ. ఆసుపత్రికి ఆటో చార్జీ దగ్గర నుంచి, మందులు, ఫిజియోథెరపీ, మంచం కింద వేసే రబ్బరు షీటుదాకా తేదీలతో రాసి ఉంది. మొత్తం 2,70,000. మూడేళ్లు రాసుకుంటూ వచ్చాడు. ఎవరూ అడగలేదు. తనంతట తాను చూపించలేదు. చూపిస్తే అడుక్కున్నట్టవుతుందని.

అప్పుడు వదిన అంది. "మామయ్యకు మూడేళ్లు అన్నం కలిపి తినిపించా, ఒళ్లు తుడిచా. దానికి ఎకరం ఇమ్మని నేను అడగలా. ఎట్లా చేశావమ్మా అని ఒక్కళ్లన్నా అడిగారా?"

సోదరులారా, నేను ఈ రోజు చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. వాటా వేరు, లెక్క వేరు. వాటా చట్టం ఇచ్చేది. అది సమానం. సేవ చేశాడని ఒకరికి పెరగదు, కట్నం ఇచ్చామని ఒకరికి తగ్గదు, ఊళ్లో లేడని ఒకరికి పోదు. లెక్క ఇంట్లో తేల్చుకోవాల్సింది. ఎవరు ఎంత ఖర్చు పెట్టారు, ఎవరు ఎంత అప్పు మోశారు, ఎవరు ఎంత పంట తిన్నారు. మా అన్న చేసిన తప్పు, తనకు రావాల్సిన లెక్కను వాటాలో రాబట్టుకోవాలని చూడటం. దొంగ వీలునామా దానికోసమే. నేను చేసిన తప్పు, నా వాటా పట్టుకుని, నేను ఇవ్వాల్సిన లెక్క ఉందనే ఒప్పుకోకపోవడం. రెంటినీ కలిపి మాట్లాడినంత కాలం ఏ పెద్దమనిషీ, ఏ కోర్టూ మా తగవు తీర్చలేవు. విడదీసిన రోజున నాలుగు గంటల్లో తీరింది.

ఎట్లా తీరిందో అంకెలతో చెబుతాను. మీకు పనికొస్తుంది.

ముందు అప్పులు. సొసైటీలో నాన్న పేరు మీద 90,000, బయట 1,50,000. మొత్తం 2,40,000. తండ్రి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. జామీను సంతకం పెట్టి ఉంటే తప్ప, సొంత కష్టార్జితం నుంచి కట్టమనే హక్కు ఎవరికీ లేదు. ఇక నాన్న బ్యాంకు ఖాతాలో 60,000 ఉంది. నామినీని నేను. నాన్న పోయిన నెలలోనే ఆ డబ్బు తీసుకున్నాను. నా పేరు రాశాడు కాబట్టి నాదే అనుకున్నాను. కాదు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే. అది వారసులందరిదీ. ఈ మాట బాబాయ్ చెబితే నాకు తలెత్తడం కష్టమైంది. ఆ 60,000 అప్పులోకి జమ వేశాను. మిగిలింది 1,80,000. అమ్మను వదిలేసి ముగ్గురం తలా 60,000.

రెండోది వైద్యం. 2,70,000. ముగ్గురు పిల్లలం తలా 90,000. అంటే నేను, అక్క చెరొక 90,000 అన్నకు ఇవ్వాలి. అక్క దగ్గర అంత లేదు. మూడు పంటల గడువు రాశారు.

మూడోది పాత లెక్కలు. అక్క పెళ్లి ఖర్చు, నా చదువు ఖర్చు, తొమ్మిదేళ్ల పంట మీద అన్నకు వచ్చిన ఆదాయం. వీటిని తవ్వితే తెల్లారదని, మూడూ ఒకదానికొకటి చెల్లు అని రాశారు. అన్న కాసేపు గొణిగాడు. అక్క "చెల్లు" అంది. నేనూ అన్నాను.

నాలుగోది కౌలు రైతు. కట్టిన 30,000, పెట్టుబడిలో సగం మేం అన్నదమ్ములం ఇద్దరం చెరిసగం ఇవ్వాలి. పోయిన పంట విలువ ఇది కాదని అందరికీ తెలుసు. ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది అనుకోను నేను. ఆ ఏడు ఆయన పిల్లవాడు చదువు మానేశాడు. అది ఏ లెక్కలోనూ రాలేదు.

తర్వాత భూమి. వాటా తలా ఎకరంన్నర. ముందుగా ఎంచుకునే అవకాశం అన్నకు ఇచ్చాం. బోరు కింద ఎకరంన్నర తీసుకున్నాడు. మిగిలిన అరెకరం, కాలువ కింద ఎకరం అమ్మకు. కాలువ కింద ఎకరంన్నర అక్కకు, ఎకరంన్నర నాకు. అమ్మ వాటా అన్న సాగు చేస్తాడు, ఏటా ఎకరాకు 20,000 చొప్పున 30,000 అమ్మ ఖాతాలో వేస్తాడు. చేతికి కాదు, ఖాతాలో. "నాకెందుకురా భూమి, మీరే రాసుకోండి" అని అమ్మ అంది. బాబాయ్ ఒప్పుకోలేదు. బతికున్నన్నాళ్లూ అమ్మ పేరు మీదే ఉండాలన్నాడు. మీ ఇళ్లలో కూడా తల్లిచేత హక్కు విడుదల రాయించుకోకండి. పాస్‌పుస్తకం ఉన్న తల్లికి ఇంట్లో ఉండే మాట విలువ వేరు.

దారి, నీళ్లు కూడా రాయించాం. నా చేలోకి పోవాలంటే అమ్మ ఎకరం గట్టు మీదుగా పోవాలి. ఆ దారి ఎన్ని అడుగులో, పిల్లకాలువ ఎవరి వైపు ఉంటుందో కాగితంలో ఉంది. పంపకాల్లో మనవాళ్లు సెంట్లు రాస్తారు, దారి మరిచిపోతారు. సగం హత్యలు అక్కడే మొదలవుతాయని మా ఊళ్లో అంటారు.

ఈ ఒప్పందాన్ని 2022లో లోక్ అదాలత్‌లో పెట్టి అవార్డు తీసుకున్నాం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి సంతకానికి ముందే ప్రతి గీతా చూసుకోవాలి. దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. దావా వేయకముందే కూడా మండల న్యాయసేవల కమిటీ ద్వారా లోక్ అదాలత్‌కు పోవచ్చు. కోర్టుకు పోనివాళ్లు భాగపంపిణీ దస్తావేజు రాసుకుని రిజిస్టర్ చేయించుకోండి. తెల్లకాగితం మీద పంచుకుని పెట్టెలో దాచుకుంటే, మీ పిల్లల కాలానికి అది తగవవుతుంది.

ఇంకొకటి. అక్క చేతికి భూమి వచ్చిన ఏడాదే బయటివాళ్లు వచ్చి ప్లాట్లు వేస్తామని ధర చెప్పారు. వారసత్వంగా వచ్చిన వాటాను ఒకరు అమ్మదలిస్తే తోటి వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు ఉందని అదే 1956 చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. వ్యవసాయ భూమికీ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. మాకు ఆ అవసరం రాలేదు. అక్క అమ్మలేదు. ఇరవై ఏళ్లు పరాయి చేలో కౌలు కట్టిన మా బావ ఇప్పుడు తన పెళ్లాం చేలో దున్నుతున్నాడు. పట్టాదారు అక్క. రైతు సేవా కేంద్రంలో విత్తనానికి తన పేరు మీదే రాయించుకుంటుంది.

చివరగా కొన్ని పనులు చెబుతాను. రాసుకోండి.

ఇంట్లో పెద్ద పోతే 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించండి. వెంటనే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెట్టండి, అందులో ఆడపిల్లల పేర్లు వదలకండి. పోయిన మనిషి ఖాతాలో పడే పీఎం కిసాన్ డబ్బు వాడుకోకండి. ఆ పథకానికి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలన్న నిబంధన ఉంది కదా, మరణం వల్ల వారసులకు వచ్చిన భూమికి అది అడ్డు కాదు. పేరు మారాక మీరు కొత్తగా పెట్టుకోవచ్చు.

మొదటి నెలలోనే అప్పుల జాబితా, ఖర్చుల జాబితా రాయండి. వాటాల మాట దాని తర్వాతే. తగవు ఉంటే ఉండనివ్వండి, పంట ఆపకండి. ఈ ఏడు ఎవరు సాగు చేస్తారు, కౌలు ఎంత, ఎవరి దగ్గర ఉంచుతారు అని ఒక కాగితం రాసుకుని, "ఇది హక్కు తేలేదాకా మాత్రమే" అని కింద రాసి అందరూ సంతకాలు పెట్టండి. కౌలు రైతు ఉంటే ఆయనకూ ఒక నకలు ఇవ్వండి.

పెద్దవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు చేతులు జోడించి చెబుతున్నాను. మీరు ఉండగానే రాయండి. ఇద్దరు సాక్షులతో వీలునామా రాయండి. బతికుండగా పిల్లలకు రాసి ఇచ్చేట్టయితే, మమ్మల్ని చూసుకోవాలి అనే షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు ఉంటే, చూడనప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయమని అడిగే వీలు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ఇచ్చింది.

సంఘానికి నాదొక ప్రతిపాదన. మన గ్రామ కమిటీలు పంపకాల పంచాయితీకి పిలిస్తే వెళ్లాలి. కానీ ఇంటి ఆడవాళ్లు కూర్చోని చోట మనమూ కూర్చోకూడదు. ఈ మాట తీర్మానంగా పెట్టమని కోరుతున్నాను.

ఇప్పుడు మీరెట్లా ఉన్నారని అడుగుతారు. బాగున్నామని అబద్ధం చెప్పను. అన్న ఇంట్లో నేను భోంచేసి ఆరేళ్లు దాటింది. నాన్న తద్దినం నాడు పోతాను, దండం పెట్టుకుని వస్తాను. అక్క మాత్రం రెండిళ్లలోనూ తింటుంది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నిరుడు కాలువ చివరికి నీళ్లు రాలేదు. నా నారు వాడిపోతోంది. నేను అడగలేదు. పొద్దున్నే చేలోకి పోతే బోరు పైపు అమ్మ గట్టు మీదుగా నా మడిలోకి వేసి ఉంది, నీళ్లు పారుతున్నాయి. మూడు తడులు ఇచ్చాడు. నెల తర్వాత మోటారు రిపేరు చీటీ పిల్లవాడితో పంపాడు. నా భాగానికి 1,200 అని రాసి ఉంది. అదే డైరీలోంచి చించిన కాగితం.

ఆ డబ్బు నేనే తీసుకుపోయి ఇచ్చాను. లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "కూర్చో" అనలేదు. "నారు నిలిచిందా?" అన్నాడు. "నిలిచింది అన్నయ్యా" అన్నాను.